చేపల్ని మింగని ఎనిమోన్ కావాలంటే: కొనే ముందు నుంచి ట్యాంకులో కుదురుకునే దాకా

"అన్నా, ఎనిమోన్ పెడితే చేపల్ని తినేస్తుందా?" ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టినవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. చిత్తూరు నుంచి ఒక తమ్ముడైతే ట్యాంకు ఫోటో, చేపల లిస్టు, షాపులో చెప్పిన ధర అన్నీ పంపించి "రేపు పొద్దున్నే బస్సెక్కుతున్నా, ఏదో ఒకటి చెప్పన్నా" అన్నాడు. ఒక్క మాటలో తేలే పని కాదు కాబట్టి మొత్తం వరసగా రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా, చేపని తినని ఎనిమోన్ అంటూ లేదు. చూడ్డానికి పువ్వులా ఉన్నా అది సముద్రపు జంతువు, దాని ప్రతి టెంటకిల్ (రేకులా ఊగే చేయి) నిండా కుట్టే కణాలుంటాయి, తగిలినదాన్ని పట్టుకుని నోటికి అందించుకోవడమే దాని పని. కాకపోతే అన్నీ ఒకేలా కుట్టవు, అన్నీ ఒకేలా తిరగవు. ఎంత గట్టిగా కుడుతుంది, ఎంత పెద్దదవుతుంది, పెట్టిన చోట ఉంటుందా ఊరేగుతుందా, ఈ మూడింటి మీదే మీ చేపల బతుకు ఆధారపడి ఉంటుంది. షాపుకెళ్లి అందరూ రంగు చూస్తారు. నేను పాదం చూడమంటాను. ఎందుకో రెండో అంకెలో చెప్తా.

1. కాగితం తీసుకుని చేపల లిస్టు రాయండి

ట్యాంకులో ఇప్పుడున్న చేపలు, వచ్చే ఆరు నెలల్లో తేవాలని మనసులో ఉన్నవి కూడా. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాసుకోండి: రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఎంత చురుగ్గా ఈదుతుంది, బెదిరితే ఎటు దూకుతుంది.

పగలు ఆరోగ్యంగా ఉన్న చేప ఎనిమోన్ దగ్గరికే పోదు. దొరికిపోయేది రాత్రిపూట. మనం మంచినీళ్లకి లేచి హాల్లో లైటు ఠక్కున వేస్తాం, చీకట్లో ఉన్న చేప అదిరిపడి ఎటో దూకుతుంది, పోయి పోయి టెంటకిల్స్ మీద పడుతుంది. రెండో రకం నీరసించిన చేప. జబ్బుచేసి ఈదే ఓపిక లేక నీళ్ల వాలుకి కొట్టుకుపోతూ తగులుకుంటుంది. అప్పుడు ఎనిమోన్‌ని తిట్టుకుంటాం గానీ చాలాసార్లు ఆ చేప అప్పటికే పోయే దశలో ఉంటుంది.

మీ లిస్టుని ఇలా విడదీయండి:

- పెద్దగా భయం లేనివి: క్లౌన్ ఫిష్, డామ్సెల్స్, క్రోమిస్, టాంగ్స్
- ట్యాంకు పెద్దదై, ఎనిమోన్ ఒక మూలన ఉంటేనే: ఫైర్‌ఫిష్, చిన్న గోబీలు, బ్లెన్నీలు, కార్డినల్స్, చిన్న రాస్‌లు
- ఎనిమోన్ ఉన్న ట్యాంకులో వద్దు: మాండరిన్, పైప్‌ఫిష్ లాంటి నెమ్మది చేపలు
- తిరగబడి ఎనిమోన్‌నే కొరికేవి: బటర్‌ఫ్లై చేపలు, ట్రిగ్గర్లు, పఫర్లు, కొన్ని పెద్ద ఏంజెల్స్

సముద్రపు గుర్రం గురించి కూడా అడుగుతున్నారు. అది ఎనిమోన్‌కి సులువుగా దొరికే తిండి అన్నది తర్వాత సంగతి, అసలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి. మన సముద్రంలోంచి తీసిన రాతి పగడాలు, పగడపు రాళ్లు కూడా అంతే. ఎంత చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. రాళ్లు కావాలంటే సిరామిక్‌వి, కృత్రిమంగా పోసినవి దొరుకుతాయి, వాటితో ట్యాంకు బ్రహ్మాండంగా నడుస్తుంది.

2. పాదాన్ని బట్టి రకం ఎంచుకోండి

ఎనిమోన్ కింద చదునైన పాదం ఉంటుంది. దాంతోనే అంటుకుంటుంది, దాంతోనే నడుస్తుంది. పాదానికి కావాల్సిన చోటు దొరికితే ఏళ్ల తరబడి కదలదు. దొరక్కపోతే ట్యాంకంతా తిరుగుతుంది, దారిలో పగడాల్ని కుడుతుంది, నిద్రపోతున్న చేప మీదికెక్కుతుంది, చివరికి పంపులో పడి తను పోయి మిగతావాటినీ తీసుకుపోతుంది. కాబట్టి మొదటి ప్రశ్న "ఏ రంగు ఉంది?" కాదు, "దీని పాదం రాతి సందులో ఉండేదా, ఇసుకలో ఉండేదా?"

బబుల్ టిప్. మొదటిసారి తెచ్చేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. శాస్త్రీయ నామం ఎంటాక్మియా క్వాడ్రికలర్. పాదాన్ని రాతి సందులో లోపలికి దాచుకుని టెంటకిల్స్ మాత్రం బయట పెడుతుంది. కుట్టడం ఓ మోస్తరే. ఒక అడుగు దాకా పెరుగుతుంది. తనంతట తనే రెండుగా చీలుతుంది, అందుకే ట్యాంకుల్లో పెరిగిన పిల్లలు దొరుకుతాయి, సముద్రంలోంచి పీక్కొచ్చినదానికంటే అవి ఎంతో గట్టిగా ఉంటాయి. ఎనిమోన్‌లో కాపురముండే క్లౌన్ చేపలు కూడా చాలావరకు దీన్ని ఒప్పుకుంటాయి. టెంటకిల్ చివర బుడగలు రాకుండా సన్నగా పొడుగ్గా ఉన్నా కంగారు వద్దు, బుడగలు వస్తుంటాయి, పోతుంటాయి.

రాక్ ఫ్లవర్. క్లౌన్ ఫిష్ అక్కర్లేదు, రంగులు చాలు అనుకునేవాళ్లకి, చిన్న ట్యాంకులకి మంచిది. కరీబియన్ వైపుది, అరచేయంత ఉంటుంది, టెంటకిల్స్ పొట్టివి, ఒకసారి కుదురుకుంటే పెద్దగా కదలదు. చేపల్ని పట్టడం అరుదు. మనదగ్గర ఎప్పుడో గానీ రాదు, వచ్చినా ధర గట్టిగానే చెప్తారు.

మినీ మ్యాక్సీ. ఇదీ చిన్నదే, అందంగానే ఉంటుంది. కానీ కార్పెట్ జాతిది, జిగురెక్కువ. వేలంత గోబీలుంటే తేవద్దు.

సెబే, లాంగ్ టెంటకిల్. ఇవి ఇసుక పాదం రకాలు. కనీసం నాలుగు అంగుళాల ఇసుక ఉండాలి, పాదం అందులో దిగి కింద గట్టిదేదో పట్టుకోవాలి. మనలో చాలామంది ట్యాంకుల్లో ఇసుక అంగుళం మించి ఉండదు, ఇక అది పాపం ఎక్కడ నిలబడుతుంది? సెబేలు సగం తెల్లబడిపోయి షాపుకి వస్తుంటాయి. అనుభవం వచ్చాక చూడొచ్చు.

రిట్టరీ, అంటే మ్యాగ్నిఫికా. సముద్రంలో ఒసెల్లారిస్ క్లౌన్ సహజంగా ఉండేవాటిలో ఇదొకటి, చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ మూడడుగుల దాకా పెరగగలదు, విపరీతమైన వెలుగు, ప్రవాహం కావాలి, నచ్చకపోతే ఆగకుండా నడుస్తుంది. ఇప్పుడే వద్దు.

కార్పెట్ ఎనిమోన్లు. ముఖ్యంగా హడ్డోని. మన రామేశ్వరం, మండపం వైపు సముద్రంలో సహజంగా ఉండే రకం కాబట్టి చవగ్గా దొరుకుతుంది, అదే మన కొంప ముంచుతుంది. చేపని పట్టడంలో దీన్ని మించింది లేదు. వేలు తగిలితే టేపు అంటుకున్నట్టు అంటుకుంటుంది, లాగితే దాని టెంటకిల్స్ తెగి చేతికొస్తాయి.

నేను మొదట తెచ్చింది ఇదే. తిరుపతి బైరాగిపట్టెడలో ఉండగా, నాలుగడుగుల ట్యాంకు పెట్టిన కొత్తలో, అడిగి తెలుసుకోకుండా రంగు చూసి తెచ్చేశా. మూడో వారం ఫైర్‌ఫిష్ కనిపించలేదు. రాళ్ల వెనకా, ట్యాంకు కింద ఫిల్టర్ తొట్టి సంప్‌లోనూ వెతికి, దూకేసిందేమో అని సోఫా కింద కూడా చూశాం. మర్నాడు పొద్దున కార్పెట్ నోటి పక్కన రేగుపండంత గోధుమరంగు జిగురు ముద్ద, అందులో దారంలాంటి ఎముక ఒకటి, సగ్గుబియ్యం గింజలాంటి తెల్లటి కన్ను ఒకటి. మా పాప అది చూడకముందే సైఫన్‌తో లాగేశా.

కాండిలాక్టిస్. షాపుల్లో కాండీ అంటారు. ఇదీ చవకే, ఇదీ కరీబియన్‌దే. క్లౌన్ చేపలకి సహజంగా చుట్టం కాదు, తిరుగుడు ఎక్కువ, చిన్న చేపల్ని పడుతుంది. వద్దు.

ట్యూబ్ ఎనిమోన్. పేరుకే ఎనిమోన్, అసలు ఆ వర్గంలోది కాదు. ఇసుకలో గొట్టం కట్టుకుని ఉంటుంది, గట్టిగా కుడుతుంది, చేపల ట్యాంకులో దానికి పని లేదు.

చిన్నగా గోధుమరంగులో, పారదర్శకంగా రాళ్ల మీద వాటంతటవే పుట్టుకొచ్చేవి ఐప్టేసియా. "మా ట్యాంకులో ఫ్రీగా ఎనిమోన్ వచ్చిందన్నా" అని సంబరపడి ఫోటోలు పంపేవాళ్లకి చెప్తున్నా, అది కలుపు మొక్కలాంటిది. గోకితే ముక్క ముక్కా కొత్తదవుతుంది. పెప్పర్‌మింట్ రొయ్యలు తింటాయి, లేదా వాటికోసం అమ్మే పేస్టు వేయండి.

3. ట్యాంకు సిద్ధంగా ఉందా?

కొత్త ట్యాంకులో ఎనిమోన్ వద్దు. కనీసం ఆరు నెలలు, ఏడాదైతే ఇంకా మేలు. నైట్రోజన్ సైకిల్ (చేపల వ్యర్థాల్ని మార్చే బాక్టీరియా కుదురుకోవడం) పూర్తయితే చాలనుకుంటారు, అది చేపలకి చాలు. ఎనిమోన్‌కి నీళ్లు రోజూ ఒకేలా ఉండటం ముఖ్యం, ఆ నిలకడ కొత్త ట్యాంకుకి రాదు.

నీళ్ల సంగతి మన ఊళ్లో మొదటి గండం. బోరు నీళ్లు గట్టినీళ్లు, ఎంత వడగట్టినా పనికిరావు. వీధిలో ఇరవై లీటర్ల క్యాన్ కూడా వద్దు, అందులో ఏ లవణాలు ఎంత మిగిలాయో మనకి తెలీదు. ఆర్వో తర్వాత మిగిలిన లవణాల్ని పట్టే డీఐ రెజిన్ కూడా ఉన్న యూనిట్ పెట్టుకోండి, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. చెన్నై బీచ్ నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్లు తెచ్చుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి, ఊరి పక్క నీళ్లలో ఏం కలిసుంటుందో చెప్పలేం. మెరైన్ సాల్ట్ వాడండి, బ్రాండుని బట్టి లీటరుకి 35 నుంచి 38 గ్రాములు పడుతుంది.

రెండో గండం ఎండ. మే నెలలో తిరుపతిలో మధ్యాహ్నం బయట నలభై దాటితే ఇంట్లో ట్యాంకు ముప్పై రెండుకి పోతుంది, ఆ వేడికి ఎనిమోన్ తన కణాల్లో దాచుకున్న ఆల్గేని (కంటికి కనిపించని నాచుని) వదిలేసి తెల్లబడుతుంది. ఆ ఆల్గే తయారుచేసే తిండి మీదే అది చాలావరకు బతుకుతుంది. ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గానీ నీళ్లు ఆవిరై ఉప్పు శాతం పెరుగుతుంది, రోజూ మంచి ఆర్వో నీళ్లు కలపాల్సిందే. నిజాయతీగా చెప్పాలంటే మన జిల్లాలో చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకుండా ఎనిమోన్ జోలికి పోవద్దు.

మూడోది కరెంటు. ఇన్వర్టర్ మీద కనీసం ఒక వేవ్‌మేకర్, రిటర్న్ పంపు (ఒకటి ట్యాంకులో నీళ్లు తిప్పేది, ఇంకోటి సంప్ నుంచి నీళ్లు పైకి పంపేది) నడవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఏసీ పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి, సైన్ వేవ్‌ది తీసుకోండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి పక్కన పెట్టుకుంటే అర్ధరాత్రి టెన్షన్ తగ్గుతుంది.

రెండు వారాల పాటు ఈ అంకెలు కదలకుండా ఉంటేనే కొనడానికి బయల్దేరండి:

- వేడి: 25–27 డిగ్రీలు
- స్పెసిఫిక్ గ్రావిటీ: 1.025–1.026 (ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకున్నాక)
- పీహెచ్: 8.1–8.4
- ఆల్కలినిటీ: 8–10 డీకేహెచ్
- కాల్షియం: 400–450 పీపీఎం
- నైట్రేట్: 5–15 పీపీఎం
- ఫాస్ఫేట్: 0.03–0.1 పీపీఎం
- అమ్మోనియా, నైట్రైట్: సున్నా
- లైటు: బబుల్ టిప్ కూర్చునే చోట పార్ (ఆల్గేకి పనికొచ్చే వెలుగు కొలత) 150–250

ట్యాంకు పరిమాణం బబుల్ టిప్‌కి కనీసం 120 లీటర్లు అనుకోండి, 200 ఉంటే ప్రశాంతం. ఇంకొకటి, ఆ ట్యాంకులో ఎప్పుడైనా చేపల జబ్బుకి కాపర్ మందు వేసి ఉంటే ఆగండి. రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుని మెల్లగా వదులుతాయి, చేపలకి ఏమీ కాదు, ఎనిమోన్ మాత్రం బతకదు. సెకండ్ హ్యాండ్ ట్యాంకు, రాళ్లు కొన్నవాళ్లు పాత ఓనర్ని ఈ మాట తప్పకుండా అడగండి.

4. పంపులకి తొడుగు వేశాకే ఎనిమోన్

ఈ వరస తప్పొద్దు. "తెచ్చాక చూద్దాంలే" అన్న పని నేనే చేశా. కార్పెట్‌ని వదిలించుకుని బబుల్ టిప్ తెచ్చిన నాలుగో రాత్రి అది నడుచుకుంటూ పోయి వేవ్‌మేకర్‌లో పడింది. తెల్లారి లేచి చూస్తే ట్యాంకంతా గంజి పోసినట్టు తెల్లగా ఉంది, లోపల ఏముందో కూడా కనిపించలేదు, క్లౌన్లు రెండూ పైకొచ్చి నోళ్లు తెరిచి ఊపిరి తీస్తున్నాయి. ముక్కలైన ఎనిమోన్ విషం నీళ్లలో కలిస్తే చేపలన్నీ పోవచ్చు. ఆ రోజు సగం నీళ్లు మార్చి, విషాన్ని పీల్చే కార్బన్ కుమ్మరించి, ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చున్నా. క్లౌన్లు దక్కాయి, బ్లెన్నీ దక్కలేదు.

కాబట్టి:

- వేవ్‌మేకర్ చుట్టూ పెద్ద రంధ్రాల స్పాంజి తొడుగు, లేదా కంపెనీవాళ్లే ఇచ్చే ఎనిమోన్ గార్డ్
- ఓవర్‌ఫ్లో (నీళ్లు సంప్‌లోకి దిగే చోటు) దంతాల మీద మెత్తటి ప్లాస్టిక్ వల
- హీటర్ ట్యాంకులో ఉంటే సంప్‌లోకి మార్చండి, లేకపోతే దానికీ తొడుగు
- స్పాంజి వారానికి ఒకసారి కడగాలి, మురికి పట్టిందంటే ప్రవాహం సగానికి పడిపోతుంది
- కార్బన్ అరకేజీ ఎప్పుడూ ఇంట్లో నిల్వ
- ట్యాంకులో పావు వంతు మార్చడానికి సరిపడా ఉప్పునీళ్లు డ్రమ్ములో సిద్ధం

5. షాపులో నిలబడి ఏం చూడాలి?

మనకి అందుబాటులో ఉన్న పెద్ద మార్కెట్ అంటే చెన్నై కొళత్తూరే. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోయొస్తే ఒక రోజు పని. అంత దూరం పోయాం కదా అని ఖాళీ చేతులతో రావడానికి మనసొప్పదు, తప్పులు జరిగేది అక్కడే. ఏమీ కొనకుండా తిరిగొచ్చే రోజు కూడా ఉంటుందని అనుకునే వెళ్లండి.

ఎప్పుడొచ్చింది అని అడగండి. నిన్ననో మొన్ననో దిగినదైతే అడ్వాన్స్ ఇచ్చి, వారం పదిరోజులు అక్కడే ఉంచమనండి. ప్రయాణం దెబ్బకి పోయేది చాలావరకు ఆ వారంలోనే తెలిసిపోతుంది.

తర్వాత కంగారు లేకుండా పది నిమిషాలు దాని ముందే నిలబడండి. ఒక చూపు చూసి చెప్పలేం, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న ఎనిమోన్ కూడా రోజులో ఒకటి రెండుసార్లు ముడుచుకుని, లోపలి చెత్త వదిలేసి, మళ్లీ ఉబ్బుతుంది.

నోరు చూడండి. నడిమధ్యలో బిగుతుగా, గీతలా ఉండాలి. తెరుచుకుని లోపలి పొరలు బయటికి వేలాడుతుంటే వెంటనే పక్కకి జరగండి.

పాదం చూడండి. అద్దానికో రాయికో అంటుకుని ఉండాలి. అడుగున దొర్లుతూ ఉందంటే తేడా ఉంది. అద్దానికి అంటుకుంటే మనకి అదృష్టం, ఫోన్ టార్చ్ వేసి పాదం మొత్తం చూడొచ్చు, చిరుగు, గాటు ఉన్నాయేమో. పాదం చిరిగినది చాలావరకు బతకదు, ఎంత అందంగా ఉబ్బి కనిపించినా సరే. షాపు కుర్రాడు దాన్ని రాయి మీంచి గోరుతో గీకి తీస్తున్నాడంటే అక్కడే ఆపండి, రాయితో సహా ఇవ్వమనండి, రాయి ధర విడిగా కట్టినా పర్లేదు.

రంగు చూడండి, కానీ అందరూ చూసినట్టు కాదు. గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు ఏదైనా లోపల ఒక గోధుమ ఛాయ ఉండాలి, అది ఆల్గే ఉందనడానికి గుర్తు. పాలలా తెల్లగా ఉండి టెంటకిల్స్ చివర్లు ఊదాగా మెరుస్తుంటే "అరుదైన రకం" అంటారు, అది ఆల్గే పోయి ఆకలితో ఉన్న ఎనిమోన్. పసుపుకొమ్ములా మెరిసే పసుపు, లేదా నీలిమందు లాంటి నీలం కనిపిస్తే రంగు వేసి ఉండొచ్చు. ఆ రంగు కొన్ని వారాల్లో పోతుంది, ఎనిమోన్ కూడా పోవచ్చు.

చివరగా ఒక చిన్న రొయ్య ముక్క వేయించమనండి. టెంటకిల్స్ పట్టుకుని నోటి వైపు వంగాలి. పట్టుకోకుండా ముక్క జారిపోతే జిగురు లేదు, అంటే ఓపిక లేదు.

ఇదంతా చూస్తుంటే "ఏం సార్, పెళ్లిచూపులా?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

6. ఇంటికి తీసుకురావడం

ఎనిమోన్ విడిగా ఒక కవర్‌లో, రెండు పొరలు, నీళ్లు ఒక వంతు, ఆక్సిజన్ రెండు వంతులు. చేపలతో కలిపి ఒకే కవర్‌లో వేయనివ్వద్దు. థర్మాకోల్ పెట్టె ఇంటి నుంచే పట్టుకెళ్లండి. ఎండాకాలమైతే ఐస్ ప్యాక్‌ని పేపర్లో చుట్టి పెట్టె మూలన పెట్టండి, కవర్‌కి తగలకూడదు. మధ్యాహ్నం బస్సులో ఇంజిన్ పక్క సీటు కింద తోసేకంటే సాయంత్రం రైలు మేలు, రైల్లో ఒళ్లో పెట్టుకుని వచ్చినవాళ్లున్నారు.

7. ట్యాంకులోకి దించే వరస

1. ట్యాంకు లైట్లు ఆపేయండి లేదా బాగా తగ్గించండి.

2. కవర్ మూత విప్పకుండా ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వండి, వేడి సమానమవుతుంది.

3. కవర్ విప్పి వాసన చూడండి. కొద్దిగా నీచు వాసన, కాస్త జిగురు మామూలే. కుళ్లిన గుడ్డు కంపు కొట్టి, పట్టుకుంటే జావలా విడిపోతుంటే అది చచ్చిపోయింది, ట్యాంకులో వేయొద్దు.

4. శుభ్రమైన బకెట్‌లోకి నీళ్లతో సహా వంచి, సన్నటి ఎయిర్ ట్యూబుతో ట్యాంకు నీళ్లు చుక్కలుగా వదలండి. సెకనుకి రెండు మూడు చుక్కలు, గంట సేపు, బకెట్‌లో నీళ్లు మూడింతలయ్యే దాకా.

5. చేతికి గ్లౌజ్ వేసుకోండి. మందంగా ఉన్న అరచేతి చర్మానికి బబుల్ టిప్ పెద్దగా ఏమీ చేయదు గానీ ముంజేతికి తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి. ఆ చేత్తో కళ్లు మాత్రం తుడుచుకోవద్దు. అలర్జీ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త.

6. వేవ్‌మేకర్లు అన్నీ ఆపండి. ఎనిమోన్‌ని చేత్తోనే ఎత్తండి, వల వాడితే టెంటకిల్స్ చిక్కుకుంటాయి. షాపు నీళ్లు ట్యాంకులో పోయకండి.

7. ముందుగా ఎంచి పెట్టుకున్న చోట, పాదాన్ని రాతి సందు వైపు తిప్పి ఉంచండి. సందు కనీసం రెండు మూడు అంగుళాల లోతుండాలి, దాని వెనక పగడాలు ఉండకూడదు, చుట్టూ ఒక జానెడు ఖాళీ ఉండాలి. చేపలు పడుకునే గుహకి ఎదురుగా పెట్టకండి, మొదటి అంకెలో రాసుకున్న కాగితం ఇక్కడ పనికొస్తుంది.

8. పట్టుకునేదాకా పంపులు ఆపే ఉంచండి. కొన్ని అరగంటలో పట్టుకుంటాయి, కొన్ని రెండు గంటలు తీసుకుంటాయి. మరీ ఆలస్యమైతే ఎయిర్ పంపు ఒకటి వదలండి. తర్వాత తక్కువ ప్రవాహంతో మొదలుపెట్టండి.

9. లైటు మొదటి వారం సగం, తర్వాత రెండు వారాల్లో మెల్లగా పూర్తిగా.

మొదటి మూడు నాలుగు రోజులు అది కాస్త అటూ ఇటూ కదులుతుంది. మీకు నచ్చిన చోటికి మళ్లీ మళ్లీ తెచ్చి పెట్టకండి. అది ఎంచుకున్న చోటే సరైన చోటు, కావాలంటే మీ పగడాన్ని పక్కకి జరపండి.

8. మొదటి నెల: తిండి, రాత్రి వెలుగు, క్లౌన్లు

మొదటి వారం ఏమీ పెట్టొద్దు. తర్వాత వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు, దాని నోటికంటే చిన్న ముక్క. పచ్చి రొయ్యని తొక్క తీసి శనగగింజంత కోసి పెట్టండి. పెద్ద ముక్క పెడితే రెండ్రోజుల తర్వాత కక్కేస్తుంది, అది కుళ్లి నీళ్లు పాడవుతాయి. బాగా తినిపిస్తే చేపల జోలికి పోదని కొందరంటారు, దాన్ని నమ్ముకోవద్దు. ఆకలుందో లేదో చూసుకుని పట్టే జీవి కాదది, తగిలితే పట్టడమే.

రాత్రి ప్రమాదం తగ్గాలంటే లైట్లు ఒక్కసారిగా ఆరిపోకుండా గంట సేపు మెల్లగా తగ్గేలా టైమర్ పెట్టండి, తర్వాత సన్నటి నీలి వెలుగు ఉంచండి. హాల్లో ట్యూబ్‌లైటు వేయాల్సొస్తే ముందు చిన్న బల్బు వేయండి. ఇంత చిన్న పనికి ఇన్ని చేపలు దక్కుతాయని నేనూ ముందు నమ్మలేదు.

క్లౌన్ల సంగతి. ట్యాంకుల్లో పుట్టి పెరిగిన క్లౌన్లు ఎనిమోన్ మొహం ఎప్పుడూ చూసి ఉండవు, రోజుల్లో దూరొచ్చు, నెలలు పట్టొచ్చు, అసలు వేవ్‌మేకర్ పక్కనే కాపురం పెట్టొచ్చు. చేత్తో తోయకండి. క్లౌన్ ఒంటి మీది జిగురు పొర వల్ల దాన్ని ఎనిమోన్ కుట్టదు, ఆ పొర కుదురుకునే దాకా అది తోక తాకించి, పొట్ట తాకించి మెల్లగా అలవాటు చేసుకుంటుంది. ఇంకోవైపు, పెద్ద మెరూన్ క్లౌన్ జత అరచేయంత ఎనిమోన్‌ని రోజంతా రుద్ది రుద్ది దాన్ని విప్పుకోనివ్వదు. ఎనిమోన్ వెడల్పు క్లౌన్ పొడవుకి కనీసం రెండింతలు ఉండాలి. ఒకటికి రెండు ఎనిమోన్లు పెట్టాలనుకుంటే ఒకే రకంవి పెట్టండి.

9. తేడా కొడితే ఏం చేయాలి?

ఆగకుండా నడుస్తోంది. ముందు నీళ్లు పరీక్షించండి, ముఖ్యంగా ఉప్పు శాతం, ఆల్కలినిటీ. అవి బాగుంటే లైటు చాలకో, ప్రవాహం నేరుగా కొట్టో కదులుతోంది. పైకి పాకుతుంటే వెలుగు కావాలని, రాయి వెనక్కి దూరుతుంటే వెలుగు ఎక్కువైందని అనుకోవచ్చు. ఒక్కటే మార్చి మూడు రోజులు ఆగండి, అన్నీ ఒకేసారి తిప్పేస్తే దేనివల్ల కుదిరిందో తెలీదు.

ముడుచుకుపోయింది. కొన్ని గంటలైతే మామూలే. రెండు రోజులు దాటినా విప్పకపోతే పావు వంతు నీళ్లు మార్చి, కొత్త కార్బన్ వేయండి. ఏదైనా చేపో రొయ్యో గిల్లుతోందేమో రాత్రి ఎర్ర లైటు వేసి చూడండి.

నోరు తెరుచుకుంది, జావలా కారుతోంది. ఆశ వదిలేసి వెంటనే తీసేయండి. రాత్రికి ఉంచితే పొద్దున్నకి అమ్మోనియా లేస్తుంది. ముక్కలు సైఫన్‌తో లాగి, పావు వంతు నీళ్లు మార్చి, కార్బన్ వేసి, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) గట్టిగా నడపండి.

చేపని పట్టేసింది. లాగకండి, చర్మం ఊడొచ్చేది చేపకే. పైపెట్‌తో గానీ చిన్న పంపుతో గానీ టెంటకిల్స్ మీదికి నీళ్లు గట్టిగా కొడితే అవి ముడుచుకుంటాయి, చేప జారుతుంది. దాన్ని విడి డబ్బాలో వారం ఉంచండి, ఒంటి మీద చారలు పడినచోట ఇన్ఫెక్షన్ వస్తుంది. మళ్లీ మళ్లీ పడుతోందంటే ఎనిమోన్ తప్పు చోట ఉంది, లేదా ఆ చేప తప్పు ట్యాంకులో ఉంది.

చోటు మార్చక తప్పదు. రాయి కదిలేదైతే రాయితో సహా మార్చండి. కదలకపోతే చిన్న ఐస్ ముక్కని పాదం అంచున పెట్టండి, చల్లదనానికి మెల్లగా వదులుతుంది. లేదా పాత ఏటీఎం కార్డు అంచుని పాదం కిందికి చీమ నడిచినట్టు నెమ్మదిగా జరపండి. గోరు, కత్తి వద్దు. ఒక్కోసారి ఒక పూట పడుతుంది, పక్కన కుర్చీ వేసుకోండి.

రెండుగా చీలింది. బాగా పెరిగి చీలొచ్చు, నీళ్లు తేడా వచ్చి చీలొచ్చు, కాబట్టి ముందు పరీక్ష చేయండి. చీలిన చోట నోరు చిరిగినట్టు వికారంగా కనిపిస్తుంది, వారంలో మూసుకుంటుంది, ఆ వారం తిండి పెట్టొద్దు. రెండు నెలలు ఆగి, రెండోది గట్టిగా ఉబ్బి రొయ్య ముక్క పట్టుకుంటోందని చూశాకే ఎవరికైనా ఇవ్వండి. మొన్న మా దాంట్లో చీలిన పిల్లని రాయితో సహా పెరుగు డబ్బాలో పెట్టి చిత్తూరు తమ్ముడికి ఇచ్చా. పంపులకి స్పాంజి తొడుగులు వేసిన ఫోటో పంపాకే రమ్మన్నా.